కుర్చీ పట్టని మంచె

జమ్మలమడుగు రోడ్డు పక్కన మా బావకు ఒక బీడు చేను ఉంది. అందులో రిమోటు కార్ల ట్రాకు వేసుకున్నాం. ఆదివారం సాయంత్రాలు ప్రొద్దుటూరు నుంచీ పులివెందుల నుంచీ తల నెరిసిన మగవాళ్లం చేరి మూరెడు కార్లతో పందేలు పెట్టుకుంటాం. నేల మీద నిలబడితే అవతలి మలుపు కనబడదు, మధ్యలో మట్టికట్ట అడ్డం. నా కారు ఆ మలుపులోకి పోయిందంటే బోర్లా పడడమే. దాని వెనక పోయిన మా బావ కారు మాత్రం దర్జాగా బయటికి వచ్చేది.

"నీకు తోలేది రాదులే బామ్మర్దీ" అన్నాడొకసారి, పదిమందిలో. అప్పుడు ఆయన నోట్లో ఉన్నది నేను కొనిచ్చిన మిరపకాయ బజ్జీ.

తోలేవాళ్లు ఎక్కి నిలబడేలా ఎత్తుగా మంచె కట్టిస్తే ఎవరికి రాదో తేలుతుందన్నాను. ఎందుకులే అన్నాడు. ప్రొద్దుటూరులో ఆయన బట్టల అంగడికి పోయి, బేరాల వేళ గడప మీద కూర్చున్నాను. గడప మీద కూర్చుంటే బేరాలు రావని ఆయన నమ్మకం. మూడో రోజుకు ఒప్పుకున్నాడు.

ఒప్పుకుని, పనిని మీటింగులకు స్టేజీలు కట్టే మనిషికి అప్పగించాడు. ఆ మనిషి తనకు తెలిసిందే కట్టాడు. ముఖం రోడ్డు వైపు, వీపు ట్రాకు వైపు, వెనక జరీ అంచు పరదా. స్టేజీ అన్నాక జనాన్ని చూడాల కదన్నా అని నన్నే అడిగాడు. పరదా పీకించి, తిప్పి కట్టించాను.

మా వైపు జానెడు ఎత్తు కనిపిస్తే చాలు, దాని మీదికి పెద్దమనుషులు ఎక్కాల్సిందే. ఆ ఆదివారం ఊరి పెద్దాయన వచ్చాడు. కుర్చీలు ఎక్కాయి, శాలువాలు ఎక్కాయి, తోలేవాళ్లం కింద మిగిలాం. ఆయన యువతకు క్రీడలు ఎంత అవసరమో చెబుతుంటే, నేను కుర్చీ కాళ్ల సందుల్లోంచి చూస్తూ కారు తోలాను. మళ్లీ బోర్లా. పెద్దోళ్లను దిగమని ఎట్ల చెప్తామని బావ చేతులు ఎత్తేశాడు.

చెప్పాల్సిన పని లేదు. గేట్లు చేసే వెల్డింగు మనిషిని పిలుచుకొచ్చి, ఆ ఇనప మంచెను సన్నంగా కోయించాను. మనిషి నిలబడొచ్చు, కుర్చీ వేస్తే వెనక కాళ్లు గాల్లో ఉంటాయి.

తర్వాతి ఆదివారం పెద్దాయన మనిషి కుర్చీ నెత్తిన పెట్టుకుని మంచె చుట్టూ తిరిగి తిరిగి, చివరికి వేపచెట్టు కింద వేశాడు. పెద్దాయన నీడలో హాయిగా కూర్చున్నాడు. నేను, బావ పక్కపక్కన మంచె ఎక్కాం.

అవతలి మలుపు మొదటిసారి కనబడింది. నా కారు చక్కగా తిరుగుతోంది. వెనక నుంచి బావ కారు వచ్చి, పసిపిల్లను జోకొట్టినట్టు నా వెనక చక్రాన్ని మెల్లగా తట్టింది. నాది బోర్లా పడింది.

ఆయన ముఖం వైపు తిరిగాను. ఆయన ట్రాకునే చూస్తున్నాడు.

"చూసినాను బావా."

"చూస్తావనే కదప్పా ఇన్నాళ్లూ మంచె కట్టించలేదు."

పదిమందిలో అన్నది పదిమందిలోనే వెనక్కి తీసుకోమన్నాను. ఏదో గొణిగాడు. వేపచెట్టు దాకా వినపడాలన్నాను. దిగబోతే మెట్లకు అడ్డం నిలబడ్డాను.

"మా బామ్మర్దికి తోలేది వచ్చు" అని గట్టిగా అరిచాడు.

ఎత్తు మీద నుంచి ఎవరు ఏం అరిచినా చప్పట్లు కొట్టడం పెద్దాయనకు అలవాటు. ఆయన కొట్టాడు. ఆయన కొడితే అందరూ కొట్టారు.