మాస్టారు దిద్దని మాట

మా భాషాశాస్త్రం మాస్టారు పోయారని మొన్న మంగళవారం పటమట నుంచి కబురొచ్చింది. నా ఎమ్మే వ్యాసం సగంలో ఉంది. వచ్చే వారం కైకలూరు వైపు పల్లెలకు వెళ్ళి మాటలు సేకరించాలి, ఇక ఒక్కదాన్నే. కబురు వినగానే ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

పదేళ్ళు కాన్వెంటు హాస్టల్లో పెరిగాను. కొత్తవాళ్ళ గుమ్మం ముందు నిలబడాలంటే నాకిప్పటికీ భయం. పుస్తకాలతో గడిచిపోయే చదువనుకుని యూనివర్సిటీలో భాషాశాస్త్రంలో చేరాను. మాటలుండేది మనుషుల దగ్గరని మాస్టారు మొదటి రోజే చెప్పారు. మానేద్దామనుకున్నాను.

ఆయన పెన్సిలుతో తప్ప రాసేవారు కాదు. చెప్పినవాళ్ళు మనసు మార్చుకోవచ్చు కదా అనేవారు.

నిరుడు వేసవిలో మైలవరం దగ్గర కూలికెళ్ళే ఒక మామ్మ ఇంట్లో వంటింటి మాటలు రాసుకొచ్చాను. మాస్టారు తమ వరండాలో నా నోటుపుస్తకం చదువుతూ ఒకచోట ఆగారు. "బియ్యం నిండుకున్నాయి" అని మామ్మ కోడలితో అన్న మాట. పక్కన నేను రాసిన అర్థం: డబ్బా నిండుగా ఉంది.

"ఆ పూట అన్నం ఎక్కడ తిన్నావమ్మా?"

"వాళ్ళింట్లోనేనండీ."

ఆయన దాన్ని కొట్టెయ్యలేదు. పుస్తకం మూసి, ఆ మాటేమిటో వెళ్ళి ఆవిడనే అడగమన్నారు. భయమేస్తోందన్నాను. తనూ బస్సులో వస్తానన్నారు. పోనీ అన్నం పెట్టినందుకు ఏమైనా పట్టుకెళ్ళనా అంటే ఒప్పుకోలేదు.

"పెట్టిన చేతిని చిన్నబుచ్చకు. అడగడానికి వెళ్ళు."

మర్నాడు అడిగాను. మామ్మ నవ్వింది.

"అయిపోయాయి అనకూడదమ్మాయ్. అంటే ఇంక ఇంట్లోకి రావు. అందుకే నిండుకున్నాయంటాం. ఇయ్యి మీ సిస్టరమ్మలు చెప్పలేదా?"

నేను తిన్నది ఆ ఇంట్లో మిగిలిన ఆఖరి బియ్యం. నోటుపుస్తకం మూసెయ్యబోయాను. రాసుకో, రాసుకో అని ఆవిడే నా భుజం తట్టింది.

మాస్టారు లోపలికి రాలేదు, రోడ్డు మీదే ఉండిపోయారు. తిరుగు బస్సులో ఎందుకని అడిగాను.

"నాకూ భయమేనమ్మా. ఇన్నేళ్ళయినా, ప్రతి గుమ్మం దగ్గరా."

వచ్చే వారం ప్రయాణం నేను మానుకోనిది ఆ మాట వల్లే. అది చెబుతూ ఆయన నా వైపు చూడలేదు. ముందు సీటు కమ్మీని పట్టుకున్న వేళ్ళు బిగుసుకుని, కణుపులు తెల్లబడి ఉన్నాయి.