ఆషాఢం దాటాక బయల్దేరిన కారు

వెన్నుకి ఆపరేషన్ అయ్యాక మా అక్కకి కాళ్ళు రెండూ పనిచెయ్యడం మానేశాయి. అంతకుముందు పాలకొల్లు దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆవిడ వెళ్ళని పేరంటం ఉండేది కాదు. ఇప్పుడు ఎక్కడికెళ్ళాలన్నా బావగారు రెండు చేతులమీదా ఎత్తి కార్లో కూర్చోబెట్టాలి, దిగేచోట మళ్ళీ ఎత్తాలి. పదిమంది చూస్తుండగా అలా ఎత్తించుకోవడం ఆవిడకి చచ్చేంత సిగ్గు. ఎత్తినంతసేపూ చీర కొంగు మొహమ్మీదికి లాక్కునేది. కొన్నాళ్ళకి ఏ పిలుపొచ్చినా ఒంట్లో బాగాలేదని చెప్పించడం మొదలుపెట్టింది.

బావగారికి కొబ్బరితోటలున్నాయి. మాట తక్కువ మనిషి. ఒకరోజు ఫోన్లో వీడియో ఒకటి చూపించారు. జపాన్ కారు. మీట నొక్కితే ముందు సీటు పక్కకి తిరిగి, తలుపులోంచి బయటికొచ్చి, చక్రాల కుర్చీ ఎత్తుకి దిగింది. ఒకావిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కుర్చీలోంచి సీట్లోకి జరిగి కూర్చుంది. అక్క ఆ వీడియో మూడుసార్లు వేయించుకుని చూసింది. నాలుగోసారి ఫోన్ తీసుకుని తనే వేసుకుంది.

మేం అడిగిన షోరూముల్లో సీటు తిరిగే కారు ఉంది గానీ సీటు కిందికి దిగేది లేదు. జపాన్‌లో వాడిన కారే తెప్పించుకుందామన్నారు బావగారు. ఎరువుల కొట్టు నడుపుకునే నాకు ఇంగ్లీషు కాగితాలు చదవడం వచ్చని ఆ పని నా నెత్తిన పెట్టారు. ముంబైలో ఒక తెలుగు ఏజెంటు దొరికాడు. స్టీరింగు కుడివైపుండాలి, టెస్టు సర్టిఫికెట్టు కావాలి, సుంకం గట్టిగా పడుతుంది, అన్నిటికన్నా ముఖ్యం ముంబై రేవుకి చేరేనాటికి కారు తయారై మూడేళ్ళు దాటకూడదని ఫోన్లో ఓపిగ్గా చెప్పాడు. మాకు దొరికిన కారుకి మూడేళ్ళు నిండడానికి ఇంకా మూడు నెలలుంది.

"వచ్చే వారం ఓడుందండి, ఎక్కించెయ్యమంటారా?" అని అడిగాడు.

గోడమీద క్యాలెండర్ చూశాను. ఆ వారమే ఆషాఢం మొదలు. మా ఇళ్ళల్లో ఆషాఢంలో సైకిల్ కూడా కొనరు. జపాన్ వాళ్ళకి ఆషాఢం లేదని నాకు తెలియక కాదు. బండి మనదయ్యాక నెల కూడా మనదే అవుతుందనుకున్నాను. మా రెండిళ్ళకీ పంచాంగం చూసేది నేనే, ఆ పెద్దరికం కూడా కొంత పనిచేసి ఉంటుంది.

"శ్రావణంలో ఎక్కించండి," అన్నాను.

"లేటైతే ప్రమాదమండి."

"నెలకేం కొంప మునగదు లెండి."

బావగారికి చెబితే, "నీకెలా తోస్తే అలా చెయ్యి బావా," అన్నారు.

శ్రావణం వచ్చింది. ఓడలో చోటు లేదన్నారు. దొరికిన ఓడ దారిలో ఇంకో రేవులో చాలా రోజులాగింది. ఈలోగా బావగారు గుమ్మం మెట్లు పగలగొట్టించి, కుర్చీ దిగడానికి సిమెంటు వాలు పోయించారు. నిడదవోలులో ఉండే చిన్ననాటి స్నేహితురాలు తన కూతురి పెళ్ళికి పిలిస్తే, తప్పకుండా వస్తానని అక్క తనే ఫోన్లో మాటిచ్చింది.

కారు ముంబై చేరేసరికి దాని మూడేళ్ళూ నిండి పన్నెండు రోజులైంది. కారులో ఏ లోపమూ లేదు. సీటు చక్కగా బయటికొస్తోందని ఏజెంటు ఫొటో కూడా పంపాడు. ఎన్ని అర్జీలు పెట్టినా రూలు రూలేనన్నారు. ఆఖరికి వచ్చిన దారినే తిప్పి పంపాల్సి వచ్చింది. బావగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. అక్కకి మాత్రం రూల్సు ఒప్పుకోలేదని చెప్పి ఊరుకున్నాం.

ఇచ్చిన మాటకోసం అక్క పెళ్ళికి వచ్చింది. మండపం ముందు బావగారు ఎత్తుకోగానే కొంగు మొహమ్మీదికి లాక్కుంది. దారిస్తున్న వాళ్ళందరూ చూస్తున్నారు. నేను చక్రాల కుర్చీ పట్టుకుని, తల తిప్పుకుని నిలబడ్డాను. నామీద నాకే అసహ్యం వేసింది.

తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చున్న అక్క, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఆ బండి నిజంగా ఎందుకాగిందిరా?"

ఇక దాచలేక చెప్పేశాను. ఆషాఢమని నెలరోజులు నేనే ఆపించానన్నాను.

"ఎవర్నడిగావు?"

"బావగారికి చెప్పాను."

అప్పుడు తల వెనక్కి తిప్పింది.

"ఎక్కేదాన్ని నేను కదరా," అంది. "నన్నడిగితే అమావాస్యనాడైనా ఎక్కేదాన్ని."