చక్రం కడుపులో చెట్లు

ప్రొద్దుటూరులో జియావుల్లాకు లోహం కరిగించి అచ్చుల్లో పోసే పోత పని ఎవరూ నేర్పలేదు. తాను పోసినవాటినే పగలగొట్టి లోపల చూసుకుంటా నలభై ఏండ్లుగా నేర్చుకున్నాడు. బోరు మోటార్లకు ప్లాస్టిక్ చక్రాలొచ్చినాక ఆయన కొలిమి వెలిగేది నెలకొకసారి.

ఆ నెల పులివెందుల కాడినుంచి మహీధర్ వచ్చినాడు. సంచిలో పగిలిన చక్రం ముక్కలు, కంచులాంటి గన్‌మెటల్‌వి. బోర్లో నీళ్లను పైకి నెట్టే చక్రమది, ఆ సైజు ఇప్పుడు యాడా దొరకదు. తోటలో చీనీ చెట్లకు, అదే బత్తాయిలకు, నీళ్లు పెట్టి పదకొండు దినాలాయె.

“నా లోహమే కరిగించు మామా. నీది గోరంత కలపగూడదు.” వెనకోసారి ఎవడో అతని మంచి లోహం మార్చి చెత్త అంటగట్టినాడంట.

“చాలదప్పా. గట్టిపడేటప్పుడు లోహం కుంచించుకుంటాది, దానికి ఆకలేస్తాది. అచ్చు నెత్తిన ఇంకింత పోసి పెట్టాల.”

“ఆకలి లోహానికా, నీకా?” మహీధర్ నవ్వినాడు.

జియావుల్లా కూడా నవ్వినాడు. ఉన్నంతలోనే పోసినాడు.

చల్లారినాక చక్రం పైకి నున్నగా, ముద్దుగా ఉంది. సుత్తితో తట్టితే మాత్రం మొద్దుగా పలికింది. నోరు మూసుకుని ఇచ్చేసుంటే మహీధర్ సంతోషంగా పోయుండు. బోరు అడుగున అది వారం కూడా నిలబడదు. అందుకని తానే రంపం పెట్టి నడుమ కోసినాడు.

లోపల వేలు దూరేంత బొక్క. బొక్క నిండా ఆవగింజంత చెట్లు, కాండానికి కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు.

“సూడప్పా, అచ్చులో ఇసక పక్కనుంచి లోహం లోపలికి ఇట్ల కొమ్మలేస్తా గట్టిపడతాది. సందుల్లో కరిగుండే లోహాన్నంతా గట్టిపడేది లాగేసుకుంటాది. కడాకు నడుమ ఏమీ మిగల్దు, ఈ కొమ్మలు తప్ప.” ఇన్నేండ్లలో ఆ చెట్లను ఆయన ఇంకొకరికి చూపించింది లేదు. గొంతులో కాస్త మురిపెం కూడా పలికింది.

మహీధర్ చెట్లను చూడలేదు. బొక్కను చూసినాడు.

“ఈడ ఉండాల్సిన నా లోహం యాడికి పాయ?”

“ఎవరూ తియ్యలేదప్పా, తూకమెయ్యి.”

వేసినారు. పొగలో కొంత, పైన తేలిన మడ్డిలో కొంత పోయి పిడికెడు తగ్గింది.

“నాది కలిపి ఇంకోసారి పోస్తా. దుడ్లొద్దు.”

“ఊరికే ఎవరిస్తారు మామా?” మహీధర్ ముక్కలు సంచిలో వేసుకున్నాడు. “జమ్మలమడుగులో పోయించుకుంటా.”

జియావుల్లా వీధిలోకి పరిగెత్తినాడు. “ఆడ మక్బూల్ కొలిమి పీకేసి రెండేండ్లాయె! ఈ చుట్టుపక్కల పోసేటోడు ఇంకెవడూ లేడప్పా!”

“అట్లనే చెప్తావులే,” అన్నాడు మహీధర్, వెనక్కి తిరక్కుండానే.