గిన్నెడు మసాలాకు జోడీ

మసాలా అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. అది ఒక వస్తువు కాదు కదా. ధనియాలు ధనియాలే, లవంగాలు లవంగాలే. అన్నీ వేయించి, కలిపి, పిండి చేసి, ఏది ఎక్కడుందో తెలియకుండా పోయాక దాన్ని మసాలా అంటాం. కిరాణా కొట్లో మసాలా ఇవ్వమంటే "చికెన్‌దా, మటన్‌దా?" అని ప్యాకెట్లు చూపిస్తాడు. ఎవరైనా చిన్న ముచ్చటను పెద్దది చేసి చెబితే "మసాలా బాగనే దట్టించినవ్" అంటాం. అయితే మా గల్లీలో ఆడవాళ్లు వంట సంగతి మాట్లాడితే మాత్రం ఆ మాట పక్కన ఒక ఇల్లు ఉండాల్సిందే. మీ ఇంటి మసాలా, మా ఇంటి మసాలా, వాళ్లింటి మసాలా. కొత్త కోడలు వచ్చిందంటే చదువు సంగతి తర్వాత, ముందు మీ అమ్మవాళ్లు మసాలాలో కొబ్బరి వేస్తారా లేదా అని అడుగుతారు.

మా ఇంటి మసాలాలో ఎండుమిర్చి ఉండదు. వరంగల్‌లో ఉండి మిర్చి వేయని ఇల్లు మాదొక్కటే కావొచ్చు. దానికి కారణం నా పెనిమిటి. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసేవాడు. సీజన్‌లో ఆయన మెడ మీద, మోచేతి మడతల్లో మంట పుట్టి ఎర్రగా దద్దుర్లు తేలేవి. నేను కొబ్బరినూనె రాసేదాన్ని. "పొద్దంత మిర్చిలనే సస్తాన. కూట్ల గూడ అదే పెడ్తవా?" అనేవాడు. అందుకని ధనియాలు ఎక్కువ, మిరియాలు, ఎండు కొబ్బరి, నువ్వులు, చెక్క, లవంగాలు, సాజీర. అంతే. కాపురానికి వచ్చినప్పటి నుంచి అదే లెక్క.

పోయిన వానాకాలం ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఆటోలో హనుమకొండ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. మాకు పిల్లలు లేరు. ఆయన ఉన్నప్పుడు పట్టించిన మసాలా ఎండాకాలం దాకా వచ్చింది. ఒక్కదాన్నే కదా, ఎంత తింటాను? డబ్బా అడుగు కనబడ్డాక సామాన్లు తెచ్చుకున్నాను. వేయించబోతే చేతికి ఇద్దరి కొలతే వచ్చింది. సగం మళ్లీ సంచిలో పోసి, మిగతాది వేయించి, ఆరబెట్టి, స్టీలు గిన్నెలో పోసుకుని పిండి పట్టే గిర్నీకి పోయాను.

గిర్నీ ఆయన గిన్నెలోకి తొంగి చూశాడు.

"ఏందమ్మా, గిన్నె పట్టుకొచ్చినవ్? బుట్టేది?"

"ఇంతే తమ్మీ."

"గింత పట్టరాదమ్మా. రాళ్ల సందులకే సరిపోతది. నీకు వాసన తప్ప ఏం మిగలది."

"మరి నన్నేం జెయ్యమంటవ్?"

"జోడీ జూస్కో. ఇంకోళ్ల మసాలాల కలుపు. ఒక్కళ్లుండేటోళ్లంత గట్లనే చేస్తాన్రు."

ఆ సంగతి నాకు తెలియనిది కాదు. గిర్నీలో అది మామూలే. కొంచెం ఉన్నవాళ్లు వేరేవాళ్ల దాంట్లో కలిపి పోస్తారు, పిండి అయ్యాక గిన్నెతో పంచుకుంటారు. ఎన్నోసార్లు చూశాను. నేనే ఆ వరుసలో నిలబడతానని మాత్రం అనుకోలేదు. మిక్సీలో వేసుకోవచ్చు కదా అంటారు. అదీ ఇంతకుముందు చేసి చూశాను. చెక్క ముక్కలు ముక్కలుగానే ఉంది, మిక్సీ వేడెక్కి కొబ్బరి నూనె వదిలి అంతా ముద్ద కట్టింది.

అందుకని గిర్నీ అరుగు మీద కూర్చున్నాను. మిర్చి లేని మసాలా తెచ్చేవాళ్లు ఒక్కరైనా రాకపోతారా అని. ఒకామె వచ్చింది, పసుపు కొమ్ములు. ఇంకొకామె వచ్చింది, ఉత్త మిర్చి. మరొకామెది మసాలాయే కానీ పైనే ఎర్రగా మిర్చి కనబడుతోంది. వచ్చిన ప్రతి బుట్ట మీది గుడ్డ తీసి చూస్తున్నాను.

"ఏందమ్మా, పిల్లకు సంబంధం జూసినట్టు జూస్తానవ్?" అన్నాడు గిర్నీ ఆయన.

"నీ గిర్నీల మంచి సంబంధం దొరుకుడు కష్టమే తమ్మీ," అన్నాను. ఆడవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాట్లాడక చాలా రోజులై నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

అప్పుడే మా ఎదురింటి అక్క వచ్చింది. ఆమె బుట్టలో ధనియాల మీద ఎర్రెర్రని ఎండుమిర్చి.

"గిన్నె పట్టుకొని గిట్ల కూసున్నవేందే? మాదాంట్ల పొయ్యి," అంది.

"నీదాంట్ల మిర్చి ఉన్నది గదక్కా."

"ఉంటేంది? మిర్చి లేకపోతే గదేం మసాలానే? చంటి పిల్లలకు పెట్టే సప్పిడి కూడు."

"ఆయన తినడక్కా."

నోట్లోంచి వచ్చేసింది. తినేవాడు కాదు అనాల్సింది. గిర్నీ ఆయన ఊరికే జల్లెడ దులుపుతున్నాడు. అక్క నా వైపు చూడలేదు. బుట్ట సర్దుకుంటూ మెల్లగా అడిగింది.

"మరి నువ్వో? నువ్వు తినవా?"

నెక్కొండ దగ్గర మా అమ్మగారి ఊళ్లో కూర ఎర్రగా ఉండేది. నేను రొట్టెలో పచ్చిమిర్చి తొక్కు పెట్టుకుని తిన్న పిల్లనే. ఇక్కడికొచ్చాక మానేశాను. నన్ను తినొద్దని ఆయన అనలేదు, నేను కావాలనలేదు. ఒక పొయ్యి మీద రెండు రకాలు ఎందుకని ఆయనకు నచ్చిందే నాకూ నచ్చింది అనుకున్నాను. నిజంగా నచ్చిందో లేదో ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడిగి చూసుకోలేదు.

"జల్ది చెప్పుండ్రి, కరెంటు పోయే టైమయింది," అన్నాడు గిర్నీ ఆయన.

గిన్నె వెనక్కి తీసుకుపోతే వేయించిన కొబ్బరి పాత నూనె వాసన కొడుతుంది. కలిపితే ఆయన తిన్న కూర నా పొయ్యి మీద ఇక ఉడకదు. ఆయన వస్తువులు ఇంట్లో చాలానే ఉన్నాయి. కానీ చొక్కా చొక్కాలాగే మేకుకు వేలాడుతుంది. కూర ఒక్కటే ఆయన ఉన్నప్పటిలాగా ఇంట్లో వేడివేడిగా ఉండేది. దాన్నీ పోగొట్టుకోవాలా అని గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అక్క తొందర పెట్టలేదు. పక్కన వచ్చి కూర్చుంది. మా వెనకొచ్చినావిడను ముందు పోనిచ్చింది.

ఆవిడది అయిపోయాక లేచి, గిన్నె అక్క బుట్టలో బోర్లించాను. అక్క కింది నుంచి పైకి చేత్తో కలిపింది. ఎరుపులో నా నువ్వులు కొంచెంసేపు తెల్లగా కనబడ్డాయి.

పట్టించి పంచుకున్న మసాలాతో ఆదివారం మటన్ వండాను. కూర ఉడుకుతుంటే అక్క గుమ్మంలోకి వచ్చింది.

"కారమైందా? వచ్చే యేడు ముందుగాల చెప్పు, మిర్చి తక్కువేస్త."

"వద్దక్కా. ఎప్పటిలెక్కనే వెయ్యి," అన్నాను.

"తింటవా?"

"ఏమో, తిని చూడాలె."

అక్క పోయాక పెట్టుకుని కూర్చున్నాను. మొదటి ముద్దకే నోరు భగ్గుమంది. కానీ రుచిగా ఉంది. చెంబు పక్కన పెట్టుకోవడం మరిచిపోయాను. జర నీళ్లందుకో అని ఆయనతో అనబోయాను. లేచి పోయి నేనే తెచ్చుకుని, మళ్లీ కూర్చుని తిన్నాను.