జేబులో నీలం వైరు

బాబాయికి ఉన్నది ఒక్కటే జబ్బు. కుర్చీలోంచి లేస్తే చాలు, కంప్యూటర్‌కున్న ఇంటర్నెట్ వైరు పీకి, చుట్ట చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుంటాడు. పక్క గదిలోకెళ్లి గుక్కెడు మంచినీళ్లు తాగి రావాలన్నా సరే, వైరు జేబులో పడాల్సిందే. తిరిగొచ్చాక ముందు వైరు గుచ్చుతాడు, తర్వాత కూర్చుంటాడు. ఇన్నేళ్లలో ఈ వరస ఒక్కనాడూ తారుమారు కాలేదు.

ఓసారి పళ్ల డాక్టరు దగ్గర నోరు తుడుచుకోవడానికి జేబులో చెయ్యి పెడితే, రుమాలుకి బదులు మూరెడు నీలం వైరు బయటికొచ్చింది. డాక్టరు పట్టకారు పట్టుకునే వెనక్కి జరిగి, "అది దేనికండీ?" అన్నాడు.

"ఇది నా దగ్గరుంటే అక్కడ అన్నీ క్షేమం," అన్నాడు బాబాయి, నోట్లో దూది ఉండగానే.

ఆ తర్వాత ఆ డాక్టరు ఆయనతో ఎప్పుడు మాట్లాడినా కాస్త దూరంగా నిలబడి, చాలా మెల్లగా, చాలా మర్యాదగా మాట్లాడేవాడు.

షాపు పిన్నిది. బజార్లో దొరికే జోళ్లు పట్టని పాదాలకి అక్కడ బూట్లు కుడతారు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లు, వేళ్లు ముడుచుకుపోయినవాళ్లు, మడమ తిరిగిపోయినవాళ్లు వస్తారు. పాదాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో దాని అచ్చు తయారుచేసి, మిషన్ మీద చెక్కి, ఆ అచ్చు మీద తోలు బిగించి కుడతారు. మొదటిసారి ఎవరికీ కుదరదు. ఇక్కడ నొక్కుతోందంటారు, అక్కడ ఒరుసుకుంటోందంటారు. పుండ్లు పడి, కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ వస్తారు. దిద్దగా దిద్దగా ఏనాటికో కుదురుతుంది. ఆ షాపుకున్న ఆస్తంతా అలా దిద్దిన పాదాల ఫైళ్లే.

అవన్నీ 'పాదాలు' అనే ఒకే ఫోల్డర్లో, క్లౌడ్‌లో ఉంటాయి. కౌంటర్ మీది కంప్యూటర్, పిన్ని టాబ్, చిట్టి లాప్‌టాప్, బాబాయి ముసలి డెస్క్‌టాప్, ఎందులో తెరిచినా అదే ఫోల్డర్ కనిపిస్తుంది. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దుకుంటుంది. బాబాయి డెస్క్‌టాప్‌కి వైఫై లేదు, దానికి వైరే గతి. ఆయన పట్టుబట్టి ప్రతి ఫైలునీ అందులోకి పూర్తిగా దింపి ఉంచుకున్నాడు. పిన్ని అడిగితే, "పైనున్నదాన్ని నమ్మి నిద్రపోలేను," అన్నాడు.

విచిత్రమేమిటంటే, ఇంత పిరికి మనిషీ ఫైళ్లు పోగొట్టడంలో మాత్రం ఆ షాపులో అందరికంటే ముందున్నాడు. ఒకసారి ఎడమ పాదాలన్నీ మాయమయ్యాయి. "నేనే తీసేశా," అన్నాడు. ఇంకోసారి పిల్లల పాదాలు పోయాయి. "నా చెయ్యే తగిలింది," అన్నాడు. షాపు పెట్టిన కొత్తలో అయితే మొత్తానికి మొత్తం ఊడ్చుకుపోయాయి. అదీ ఆయన చలవే. ప్రతిసారీ కిందామీదా పడి తనే మళ్లీ తెచ్చి పెట్టేవాడు. ప్రతిసారీ పిన్ని ఒకటే శిక్ష వేసేది. వారంపాటు కంప్యూటర్ ముట్టుకోకూడదు. వెనక వరండాలో స్టూలు మీద కూర్చుని తయారైన బూట్లన్నిటికీ పాలిష్ పెట్టాలి.

పిన్ని అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది. కోపమొస్తే కళ్లజోడు తీసి బల్లమీద పెడుతుంది. ఇంకేమీ మాట్లాడదు. టక్కుమని ఆ చప్పుడు వినపడితే, బూట్లు కుట్టే మిషనక్క కాలు దానంతటదే ఆగిపోతుంది.

చిట్టి పిన్నికి అక్క కూతురు. చదువు పూర్తిచేసి ఎక్కడా పని దొరక్క ఇక్కడ చేరింది. చేరిన రోజే పిన్ని చెప్పింది. "చూడమ్మా, చుట్టరికం గడప బయట. పని నేర్చుకుంటే ఎన్నాళ్లయినా ఉండు. పాదాల ఫోల్డర్తో ఆటలాడావో, ఆ రోజే ఇంటికి పోతావు." చిట్టికి ఆ షాపంటే ప్రాణం. కొత్త బూట్లేసుకున్న మనిషి మొదటి అడుగు వేసి ఆగి, నొప్పి కోసం ఎదురుచూసి, అది రాకపోయేసరికి ఇంకో అడుగు వేస్తాడు చూడండి, అది చూడ్డానికే ఆ పిల్ల పొద్దున్నే వచ్చేసేది.

ఆ మధ్యాహ్నం పిన్ని తోలు గోడౌన్‌కి వెళ్లింది. బాబాయి వైరు జేబులో వేసుకుని వీధి చివర టీకి వెళ్లాడు. సాయంత్రం ట్రాఫిక్ కానిస్టేబుల్ గారు బూట్ల కోసం వస్తారు. ఆయన కుడికాలు పొట్టి, రోజంతా కూడలిలో నిలబడే ఉద్యోగం. బూట్లు అయిపోయాయి, లోపల వేసే మెత్త ఒక్కటి చెక్కాలి. చిట్టి ఫైలు తెరవబోతే లాప్‌టాప్ చోటు లేదని మొరాయించింది.

"పాదాలన్నీ పైన క్లౌడ్‌లో ఉన్నాయిగా, ఇక్కడివి తీసేస్తే సరి," అనుకుంది చిట్టి. ఫోల్డర్ మొత్తం తీసేసింది. ఏదో హెచ్చరిక వచ్చింది. రోజూ వచ్చేదేలెమ్మని చదవకుండా నొక్కేసింది. ఈసారి క్లౌడ్ తన చెత్తబుట్ట నిండిపోయిందని చెప్పింది. సరే, పనిలో పని, అదీ ఖాళీ చేద్దామనుకుంది. "శాశ్వతంగా తీసెయ్యమంటారా?" అని అది మర్యాదగా అడిగింది. చిట్టి కూడా అంతే మర్యాదగా అవునంది.

కౌంటర్ దగ్గర్నుంచి మిషనక్క కేకేసింది. "చిట్టీ, కానిస్టేబుల్ గారి ఫైలు ఇందులో కనపడట్లేదేంటి?"

"సరిగ్గా చూడక్కా."

"చూశానే తల్లీ. ఆయనదే కాదు, ఎవరిదీ లేదు."

చిట్టి కౌంటర్ దగ్గరికి పరుగెత్తింది. 'పాదాలు' అన్న ఫోల్డరే లేదు. పిన్ని బల్లమీదున్న టాబ్ తెరిచింది. అందులోనూ లేదు. ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోతుందన్న సంగతి ఆ పిల్లకి అప్పుడు తట్టింది. ఎంతమంది ఎన్నిసార్లు ఏడిస్తే కుదిరిన పాదాలు. వాళ్లందరినీ మళ్లీ పిలిచి, మళ్లీ పుండ్లు పడనివ్వాలా?

మిషనక్క ఆమె మొహం చూసింది. "బాబాయి కంప్యూటర్ చూడు," అంది మెల్లగా.

చిట్టి ఆ గదిలోకి వెళ్లింది. ముసలి డెస్క్‌టాప్ గుర్రుమని మోగుతోంది. తెర మీద 'పాదాలు' ఉంది. తెరిస్తే అన్నీ ఉన్నాయి. వైరు లేదు కాబట్టి బయట జరిగిన ఘోరం దానికింకా తెలియదు. చిట్టికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే పై ప్రాణాలు పైనే పోయాయి. వైరు గుచ్చిన మరుక్షణం దీనికీ తెలుస్తుంది. ఇదీ బుద్ధిమంతురాలిలా అన్నీ తీసేస్తుంది. బాబాయి వస్తే మొదట చేసేది ఆ పనే.

వరండాలో చెప్పుల చప్పుడైంది. బాబాయి ఈల వేసుకుంటూ, జేబులోంచి వైరు తీసి చుట్ట విప్పుకుంటూ వస్తున్నాడు. చిట్టి ఒక్క ఉదుటున వెళ్లి కంప్యూటర్‌కి వీపు ఆనించి నిలబడింది.

"జరుగమ్మా."

"ఇప్పుడు వద్దు బాబాయ్."

"ఏం?"

నిజం చెప్పే ధైర్యం చాలక నోటికొచ్చిందనేసింది. "ఉరుములొచ్చేలా ఉన్నాయి. పిడుగు పడితే వైరులోంచి వస్తుందంట."

బాబాయి కిటికీలోంచి బయటికి చూశాడు. ఎండ ఫెళ్లున కాస్తోంది. ఎదురింటావిడ డాబా మీద దుప్పట్లు ఆరేస్తోంది. ఆయన తిరిగి చిట్టి మొహం చూశాడు. వైరు మళ్లీ మెల్లగా చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్ని పోయాయి?"

"అన్నీ."

"బుట్టలో?"

"అదీ ఖాళీ చేసేశా బాబాయ్."

బాబాయి ఉన్నచోటనే నేలమీద చతికిలబడ్డాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. చిట్టి తన ఏడుపు మానేసి ఆయనకి మంచినీళ్లు పట్టాల్సివచ్చింది. మిషనక్క అట్టముక్కతో విసిరింది.

"నాకు భయంగా ఉంది బాబాయ్," అంది చిట్టి.

"నాకు అంతకంటే భయంగా ఉంది. ముందు నన్ను లేపండి," అన్నాడాయన.

ఆయన అలమారలో పైఅరన ఎవరూ పట్టుకెళ్లని ఒంటి బూటు ఒకటుంది. అందులో చెయ్యిపెట్టి హార్డ్ డిస్క్ తీశాడు. దాన్ని కంప్యూటర్‌కి గుచ్చబోయి రెండుసార్లు గురి తప్పితే చిట్టి ఆయన మణికట్టు పట్టుకోవాల్సివచ్చింది. కాపీ మొదలైంది. తెర మీద పచ్చగీత నత్తలా పాకుతోంది. ముగ్గురూ దాన్నే చూస్తున్నారు. కరెంటు పోతే? డిస్క్ పాడైతే? బాబాయి తన భయాలన్నీ పైకే చెబుతున్నాడు. మిషనక్క ఇక భరించలేక ఆయన చేతిలో ఒక తోలుముక్క పెట్టి, "ఇది నలుపుతూ కూర్చో బాబాయ్," అంది.

గీత చివరికంటా వచ్చింది. మెత్త ఫైలు ముందు మిషన్‌కి పంపారు. మిగతావి డిస్క్ లోంచి కౌంటర్ కంప్యూటర్లో కొత్త ఫోల్డర్లోకి, అక్కణ్ణుంచి క్లౌడ్‌కి ఎక్కిస్తున్నారు. అవి సగం ఎక్కాయో లేదో వీధిలో పిన్ని స్కూటర్ ఆగింది.

పిన్ని లోపలికొచ్చి ముగ్గురినీ ఒకసారి చూసింది.

"ఏమైంది?"

"నేను..." అంది చిట్టి. అంతే, ఆమె కాలి వేళ్లమీద బాబాయి మడమ గట్టిగా ఆనింది.

"పాదాలు పోయాయి," అన్నాడు బాబాయి. "నేనే తీసేశా. మళ్లీ ఎక్కిస్తున్నా. చీకటిపడేలోగా అయిపోతాయి."

పిన్ని కళ్లజోడు తీసింది. బల్లమీద పెట్టింది. మిషనక్క కాలు పెడల్ మీద లేకపోయినా ఒకసారి అదిరింది.

"మళ్లీనా అండీ?"

"మళ్లీనే."

పిన్ని మూలనున్న పాలిష్ డబ్బా తీసుకొచ్చి ఆయన ముందు పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం కానిస్టేబుల్ గారు వచ్చి బూట్లేసుకున్నారు. ఒకడుగు వేసి ఆగారు. ఇంకో అడుగు వేశారు. "నొక్కట్లేదండీ," అన్నారు, నమ్మలేనట్టు. చిట్టి ఆ మాట విని వెనక గదిలోకి పారిపోయి ఏడ్చేసింది.

మర్నాడు వరండాలో బాబాయి స్టూలు మీద కూర్చుని హాయిగా పాలిష్ పెడుతున్నాడు. చిట్టి వెళ్లి పక్కన కూలబడింది.

"నేను పిన్నితో చెప్పేస్తా బాబాయ్. నా తప్పుకి నీకెందుకు శిక్ష పడాలి?"

"చెప్పకు. ఒకటి బయటికొస్తే అన్నీ బయటికొస్తాయి."

"అన్నీ అంటే?"

మిషనక్క వచ్చి ఇంకో బ్రష్ తీసుకుని రెండోపక్క కూర్చుంది. "ఎడమ పాదాలు నేను తీసేశానే," అంది. "పిల్లల పాదాలు నీకు ముందున్న అమ్మాయి తీసేసింది. తన పెళ్లికి ఈయన్ని పెద్దగా నిలబెట్టుకుంది."

చిట్టి నోరెళ్లబెట్టింది. "మరి మొట్టమొదట మొత్తం పోయినవి?"

బాబాయి పిన్ని గది వైపు చూసి గొంతు తగ్గించాడు. "అవి మీ పిన్ని. తనే తీసేసిందని ఆవిడకి ఈ రోజుకీ తెలీదు. షాపు మునిగిపోయిందని పొద్దంతా కళ్లజోడు తీసి అలా కూర్చుంది. ఆ మొహం నేను చూడలేకపోయాను. అదృష్టం, ఆ రోజు నా కంప్యూటర్ వైరు ఎలుక కొరికేసింది. అందుకని నా దాంట్లో అన్నీ మిగిలాయి. నా చెయ్యే తగిలిందని చెప్పి శిక్ష వేయించుకున్నాను. పాలిష్ డబ్బా నా ముందు పెట్టాక ఆవిడ అన్నం తిన్నది."

"తర్వాత?"

"తర్వాతేముంది, ఎలుకని ఎవరో బోనులో పట్టేశారు. అప్పట్నుంచి దాని డ్యూటీ నేను చేస్తున్నా. నాకు భయం ఎక్కువమ్మా. భయపడ్డవాళ్లకి పరుగెత్తుకెళ్లడానికి ఒక చోటుండాలని నాకు తెలుసు."

లోపల్నుంచి పిన్ని గొంతు వినిపించింది. "చిట్టీ, ఈ వారం మీ బాబాయిని కంప్యూటర్ ఛాయలకి రానివ్వకు. ఇన్నేళ్లుగా ఈ షాపులో ఒక్క ఫైలు కూడా పోగొట్టనిదాన్ని నేనొక్కదాన్నే."

మిషనక్క కొంగు నోట్లో కుక్కుకుంది. చిట్టికి నవ్వు పొట్టలోంచి తన్నుకొస్తోంది. బాబాయి మడమ మళ్లీ ఆమె వేళ్ల మీదికొచ్చింది.

"నిజమే పిన్నీ," అంది చిట్టి.

బాబాయి పాలిష్ చేతులు గుడ్డకి తుడుచుకుని, జేబులోంచి నీలం వైరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఈ వారం నా కుర్చీలో నువ్వు. లేచినప్పుడల్లా పీకాలి. మర్చిపోకు."

ఆ సాయంత్రం బస్సులో కండక్టర్ పాస్ చూపించమన్నాడు. చిట్టి జేబులో చెయ్యిపెట్టి తీస్తే మూరెడు వైరు బయటికొచ్చింది. కండక్టర్ దానికేసి చూశాడు, ఆమెకేసి చూశాడు.

"ఇదేంటమ్మా?"

"డ్యూటీ అండీ," అంది చిట్టి. వైరు జాగ్రత్తగా చుట్ట చుట్టి, మళ్లీ లోపల పెట్టుకుని, ఆ తర్వాత పాస్ వెతుక్కుంది.