టీచరమ్మ తెల్ల బోర్డు

మా పక్క వాటాలో ఒక టీచరమ్మ అద్దెకుండేది. జగ్గయ్యపేటలో సిమెంటు దుమ్ము దేవుడి పటాన్ని కూడా వదలదు గానీ, ఆవిడ ట్యూషన్ బోర్డు జోలికి పోయేది కాదు. పిల్లలు వెళ్ళగానే పాత నూలుచీర ముక్కతో బోర్డు తుడిచి, వెలుతురుకు వంచి చూసి, మళ్ళీ తుడిచేది.

"అంత రుద్దితే అరిగిపోద్ది టీచరమ్మా!" అనేవాణ్ణి.

"పాత లెక్క కనపడతంటే కొత్త లెక్క ఎక్కదయ్యా. నువ్వు బడి మానేసింది అందుకే," అనేది.

ఇంటి ఓనరుకు పిల్లల గోల పడేది కాదు. సిమెంటు లారీల మోతకు మాత్రం హాయిగా నిద్రపోయేవాడు. ఒకరోజు ఆవిడకు మాటైనా చెప్పకుండా, ఆ బోర్డు మీదే పర్మినెంట్ మార్కరుతో 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని రాసి గేటుకు తగిలించాడు.

గుడ్డతో ఎంత రుద్దినా పోలేదు. అప్పుడావిడ తుడిస్తే పోయే తన మామూలు మార్కరు తీసి, ఆ అక్షరాల మీదే రాయడం మొదలుపెట్టింది.

"అదేందమ్మా, ఆయన రాసింది చాల్లేదా?"

"దీంతో పైన దిద్దితేనే ఆ రంగు ఊడొచ్చుద్ది," అంది తలెత్తకుండా.

తనను వెళ్ళగొట్టే మాటను తన గుండ్రటి రాతతో అక్షరం అక్షరం దిద్ది, తుడిచేసింది. బోర్డు మెరిసింది. సాయంత్రం దాని మీదే పిల్లలకు భిన్నాలు చెప్పింది.

మర్నాడు ఓనరు అదే మాటను పెయింటుతో గోడ మీద రాయించాడు.

నెలాఖరుకు ఆవిడ సామాను నా ఆటోలోనే నందిగామ చేర్చా. బయల్దేరేటప్పుడు ఆటో ఎక్కబోతూ ఆగి, చీర ముక్కతో గోడ మీది అక్షరాలను గట్టిగా రుద్దింది. తర్వాత గుడ్డ తిప్పి చూసుకుంది. రంగు కాస్తయినా అంటలేదు.