జాజికాయ సబ్బుకు ఉప్పునీళ్ల గుడ్డ

మా తాత పర్శరాములుకు మనుషుల్ని నమ్మడం చేతకాదు. షార్జాలో సబ్బుల ఫ్యాక్టరీలో అచ్చు యంత్రం నడిపేవాడు. అల్ నహ్దా పేటలోని గదిలో తోటివాళ్లు చాయ్ పోసిస్తే, ముందు వాళ్లను ఒక గుక్క తాగమనేవాడు. ఊరి నుంచి నానమ్మ బాలవ్వ ఫోన్ చేసి "మంచిగున్నవా?" అంటే, "ఎందుకడుగుతున్నవ్? ఎవలేం జెప్పిన్రు?" అనేవాడు.

2022లో ఒక పొద్దున ముదీర్, అంటే ఫ్యాక్టరీ మేనేజర్, అనీష్ ఒకావిడను వెంటబెట్టుకొచ్చాడు. పేరు డెల్మా. గ్రెనడా అనే చిన్న దీవి నుంచి వచ్చింది.

"పర్శా భాయ్, మేడమ్ కో మెషీన్ కా సబ్ కామ్ సిఖావ్."

నీ పని ఇంకొకరికి నేర్పమన్నారంటే నిన్ను ఇంటికి పంపబోతున్నారని గల్ఫ్‌లో ఏ కూలీనడిగినా చెబుతాడు. తాత బయటికెళ్లి బాలవ్వకు ఫోన్ కలిపాడు.

"గ్రెనడా అంటే యాడ?" అందామె.

"వెస్టిండీసట."

"ఆళ్లు క్రికెట్ ఆడుతరు గని సబ్బులు జేస్తరా?"

"గదే నా అనుమానం. సబ్బుల పేరు జెప్పి నా కుర్సీ గుంజుకుంటది."

"దినమంత నిలవడి జేసే పనికి కుర్సీ యాడిదయ్యా?"

డెల్మా మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ల దీవిలో కొబ్బరినూనె, జాజికాయ దండిగా ఉన్నాయి. సబ్బులు మాత్రం ఓడల్లో బయటి నుంచి వస్తాయి. ఉన్న ఫ్యాక్టరీలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ పాత యంత్రం కొనుక్కెళ్లి జాజికాయ సబ్బు చేయాలని ఆమె ఆశ. తాత బుద్ధిగా తలూపాడు. ఒక్క ముక్కా నమ్మలేదు.

సబ్బు అచ్చుకు అంటుకోకుండా మధ్యమధ్యలో ఉప్పునీళ్ల గుడ్డతో తుడవాలి. ఆ గుడ్డనూ, ఉప్పునీళ్ల మగ్గునూ నూనె డ్రమ్ము వెనక దాచేసి, మిగతాదంతా పంతులుగారిలా ఓపిగ్గా నేర్పాడు.

డెల్మా యంత్రం నడిపింది. సబ్బు అచ్చుకు కరుచుకుని మూల విరిగింది. రెండోదీ అంతే. ఆమె ముందు తన చేతుల్ని చూసుకుంది, తర్వాత యంత్రాన్ని చూసింది, ఆ తర్వాత తాతను చూసింది.

"చెడిపోయిన మెషీన్ నాకు అంటగడుతున్నారు," అని ఇంగ్లీషులో అనేసి, సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది.

తాత లోలోపల మురిసిపోతుంటే అనీష్ వచ్చి రెక్క పట్టుకున్నాడు. "యే బికేగా తో నయా మెషీన్ ఆయేగా, తుమ్ చలాయేగా. నై బికా తో సెక్షన్ బంద్. తుమ్ భీ ఖలాస్!"

పాతది అమ్ముడుపోతేనే కొత్తది వస్తుంది, దాని మీద తాతకే పని. లేదంటే ఇంటిదారే. తాత ఇదీ నమ్మేవాడు కాదు. కానీ అనీష్ మొహాన కారుతున్న చెమటను నమ్మక తప్పలేదు.

"మేడమ్! వన్ మినిట్!" అని అరిచి, డ్రమ్ము వెనక నుంచి మగ్గు లాగి అచ్చు తుడిచాడు. ఆమె వెనక్కి వచ్చి చూస్తుండగా సబ్బు నున్నగా జారిపడింది.

"వెదర్, మేడమ్. షార్జా వెదర్," అన్నాడు.

డెల్మా డ్రమ్మును చూసింది, తడి గుడ్డను చూసింది. "ఇంకేం దాచావు?"

"నథింగ్, మేడమ్."

ఆమె అనీష్ వైపు తిరిగింది. "మెషీన్ కొంటాను. కానీ ఈ మనిషి మా దీవికి వచ్చి బిగించాలి. మావాళ్లకు అన్నీ వచ్చేదాకా అక్కడే ఉండాలి. ఆ తర్వాతే మీకు తిరిగి పంపుతాను."

తాత ఉద్యోగం నిలిచింది. అనుమానం కూడా.

"పోతవా మరి?" అంది బాలవ్వ ఫోన్‌లో.

"రిటర్న్ టికెట్ జూపిస్తెనే పోత అన్న."

"జూపిచ్చిన్రా?"

"జూపిచ్చిన్రు. అది అసల్దేనా అని అనీష్‌ను పొద్దటిసంది అడుగుతనే ఉన్న."